అమ్మ పాఠం చెప్పిన ఊరు: ఇస్తాంబుల్‌లో ఒక వారం

మా అమ్మ ముప్ఫై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ చెప్పింది. 1453లో అటోమన్ తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్‌ను, అంటే ఇప్పటి ఇస్తాంబుల్‌ను, పట్టుకున్నారు, భూమార్గం మూసుకుపోయింది, ఐరోపావాళ్లు సముద్రమార్గం వెతుక్కున్నారు, 1498లో వాస్కోడగామా కాలికట్‌లో దిగాడు. ఈ వరస ఎన్ని వందలమంది పిల్లలతో అప్పజెప్పించుకుందో లెక్కలేదు. వాళ్లలో నేనూ ఉన్నాను. రిటైరైన ఆరేళ్లకు ఒక సాయంత్రం టీవీలో ఆ ఊరి ఆయా సోఫియా గోపురం కనిపిస్తే అంది: "నాలుగు మార్కుల ప్రశ్నే గానీ, ఆ ఊరెలా ఉంటుందో ఒక్కసారైనా ఆలోచించలేదే."

నాకు ఇంకో కారణం కూడా ఉంది. నేను పుట్టింది హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ ఆసుపత్రిలో. ఆ నిలోఫర్ అనే ఆవిడ పుట్టింది ఇస్తాంబుల్‌లో. ఈ సంగతి మాత్రం నాకు ముప్ఫై ఏళ్లు దాటాక గానీ తెలియలేదు.

ప్రయాణానికి ముందు

రెండు నెలల ముందే ఎక్సెల్ షీటు తెరిచాను. వీడియోలు చూసినకొద్దీ వరసలు పెరిగాయి. చివరికి ఏడు రోజులకు నలభై మూడు చోట్లు తేలాయి. అమ్మ కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, "ఇది టూరా, ఇన్‌స్పెక్షనా?" అంది. మర్నాడు తన షరతులు చెప్పింది. రోజుకు ఒక్కటే పెద్దది, అదీ పొద్దున్నే. మధ్యాహ్నం తిన్నాక గంటసేపు నడుం వాల్చాలి. సాయంత్రం ఎక్కడో ఒకచోట ఊరికే కూర్చోవాలి. ఆవిడ మోకాళ్ల కోసమే ఒప్పుకున్నాను గానీ, ఇప్పుడు ఎవరు అడిగినా అవే మూడు షరతులు చెబుతున్నాను.

వీసా విషయంలో మమ్మల్ని ఆదుకుంది డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు. మామూలుగా మన పాస్‌పోర్టుకు టర్కీ వీసా కావాలంటే కాగితాలు పట్టుకుని దరఖాస్తు కేంద్రానికి వెళ్లాలి. అమెరికా, బ్రిటన్, ఐర్లాండ్, షెంగెన్ దేశాల్లో దేనిదైనా చెల్లుబాటయ్యే వీసా ఉంటే మాత్రం ఇంట్లో కూర్చుని ఈ-వీసా తీసుకోవచ్చు. మనవడి పురుడికి వెళ్లినప్పటి పదేళ్ల అమెరికా వీసా అమ్మకు ఉంది, నాకూ ఉంది. పావుగంటలో పని అయిపోయింది. "వాడు అమెరికా వెళ్లి నాకు చేసిన మేలు ఇదొక్కటే" అని అమ్మ ఫోన్‌లో వాడికే చెప్పింది.

బస ఎక్కడన్నది చాలా ఆలోచించాను. అందరూ సుల్తానహ్మెత్ అంటారు. అక్కడి నుంచి అన్నీ దగ్గరే, నిజమే. కానీ ఇస్తాంబుల్ ఎత్తుపల్లాల ఊరు. మ్యాపులో రెండు వందల మీటర్లని కనిపించేది నిజానికి నిటారుగా ఉన్న రాళ్ల సందు కావచ్చు. అందుకే కొండ దిగువన సిర్కెజిలో, ట్రామ్ స్టాపు పక్కన గది తీసుకున్నాం. ఒకప్పుడు పారిస్ నుంచి వచ్చే ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ ఆగిన స్టేషన్ అక్కడే, 1890లో కట్టింది.

డబ్బు సంగతి ఒక్క మాటలో చెప్పాలంటే, పాత లెక్కలు నమ్మొద్దు. అక్కడ ధరలు ఎంత వేగంగా పెరుగుతున్నాయంటే, నిరుడు ఎవరో రాసిన లీరాల లెక్క ఈ ఏడు పనికిరాదు. పెద్ద కట్టడాల టిక్కెట్లు యూరోల్లో ఆలోచించుకోవడమే నయం. మ్యూజియం పాస్ కొందామనుకుని, ఆయా సోఫియా, బాసిలికా సిస్టర్న్ అనే నేలకింది నీటి తొట్టి, డోల్మాబాచె రాజభవనం మూడూ అందులో లేవని చూసి మానేశాను.

పెట్టెలో ఆవకాయ, కందిపొడి, సోనామసూరి రెండు కిలోలు, చిన్న కరెంటు కుక్కరు. వద్దన్నాను. అమ్మ విననట్టు ఊరుకుంది.

మొదటి రోజు, శనివారం

గల్ఫ్‌లో విమానం మారి మధ్యాహ్నానికి దిగాం. కొత్త ఎయిర్‌పోర్టు ఊరికి చాలా దూరం. బస్సులో అక్సరాయ్ దాకా వచ్చి అక్కడ ట్రామ్ ఎక్కాం. ఇస్తాంబుల్‌కార్ట్ అనే కార్డు ఒకటి మెషీన్‌లో కొనుక్కుంటే ట్రామ్, మెట్రో, బస్సు, ఫెర్రీ అన్నిటికీ అదే. మేమిద్దరం ఒక్క కార్డునే రెండుసార్లు తట్టి వారమంతా గడిపేశాం.

మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ ఆరయ్యేసరికి మన ఒంటికి ఎనిమిదిన్నర. పడుకుంటే అర్ధరాత్రి లేచి కూర్చుంటామని, అమ్మను లాక్కెళ్లి ఎమినోను రేవులో, ఆసియా ఒడ్డున ఉన్న కడికోయ్ వెళ్లే ఫెర్రీ ఎక్కించాను. ఇరవై నిమిషాల ప్రయాణం. ఆఫీసు నుంచి ఇంటికెళ్లేవాళ్లు, స్కూలు పిల్లలు, సంచులు మోసుకొచ్చే ముసలాళ్లు, మధ్యలో మేము. ట్రేలో చిన్న గాజు గ్లాసులు పెట్టుకుని ఒకతను తిరుగుతున్నాడు. "చాయ్! చాయ్!" అని అరుస్తుంటే అమ్మ ఉలిక్కిపడి చూసింది. సికింద్రాబాద్ స్టేషన్‌లో వినిపించే అదే అరుపు. పాలు మాత్రం లేవు. నడుం సన్నగా ఉన్న గ్లాసులో ఎర్రటి డికాషన్, పక్కన రెండు చక్కెర బిళ్లలు.

పడవ వెనక సీగల్ పక్షులు వస్తున్నాయి. జనం నువ్వుల రొట్టె చుట్టను, సిమిత్ అంటారు, ముక్కలు చేసి పైకి విసిరితే గాల్లోనే అందుకుంటున్నాయి. అమ్మ రెండు ముక్కలు విసిరి, మూడోది తను తింది. తిరుగు ప్రయాణంలో పొద్దుగూకుతోంది. యూరప్ ఒడ్డున కొండల మీద గోపురాలు, మినార్లు నల్లటి గీతల్లా నిలబడ్డాయి. "అదేనా కాన్‌స్టాంటినోపుల్?" అంది. అదే. టిక్కెట్టు కొని చూసినవేవీ ఆ వరసను మించలేదు.

రాత్రి హోటల్ పక్కన పప్పు సూపు తాగుతుంటే అమ్మ మాటలు ఏరడం మొదలుపెట్టింది. బిల్లును 'హెసాప్' అంటారు, మన హిసాబు. అంగడిని 'దుక్కాన్' అంటారు. కలాన్ని 'కలెమ్', అద్దెను 'కిరా', మైదానాన్ని 'మెయ్‌దాన్', తారీఖును 'తారిహ్'. అరబ్బీ, పారసీ మాటలు అటు టర్కీలోకీ ఇటు దక్కనులోకీ చేరాయి కదా. పాతబస్తీలో పెరిగిన మనిషి ఇక్కడ సగం వాక్యం పట్టుకోగలడు. ఆ సూపు పేరు మెర్జిమెక్ చోర్బసి. ఎర్రపప్పు మెదిపి, నిమ్మకాయ పిండి ఇస్తారు. శాకాహారులు ఒకటి గుర్తుంచుకోవాలి, కొన్నిచోట్ల అందులో మాంసం ఉడికించిన నీళ్లు పోస్తారు. అడిగి తాగాలి.

రెండో రోజు, ఆదివారం

ఆయా సోఫియా. విదేశీయులకు పై గ్యాలరీకి మాత్రమే టిక్కెట్టు, తలకు ఇరవై అయిదు యూరోలు. ఇద్దరికీ కలిపి దాదాపు అయిదు వేల రూపాయలని అమ్మకు ముందు చెప్పలేదు. లోపలికి వెళ్లాక చెప్పాను.

532లో కాన్‌స్టాంటినోపుల్‌లో పెద్ద అల్లరి జరిగి పాత చర్చి తగలబడింది. జస్టీనియన్ చక్రవర్తి అదే ఏడు కొత్తది మొదలుపెట్టి 537కల్లా పూర్తి చేయించాడు. దాన్ని గీసింది మామూలు మేస్త్రీలు కాదు, లెక్కల్లో ఉద్దండులైన ఆంథెమియస్, ఇసిడోర్. గోపురం అడ్డం 31 మీటర్లు, ఎత్తు 55 మీటర్లు. దాని మొదట్లో చుట్టూ నలభై కిటికీలు. వాటిలోంచి వెలుగు దూకుతుంటే గోపురం గోడల మీద ఆనినట్టుండదు, పైనుంచి వేలాడదీసినట్టుంటుంది. వాళ్ల లెక్క పూర్తిగా సరిపోలేదు కూడా. భూకంపాలకు బీటలిచ్చి 558లో కూలింది. ఇసిడోర్ కుటుంబంవాడే ఒకడు ఇంకాస్త ఎత్తుగా మళ్లీ కట్టాడు.

పైన గ్యాలరీలో క్రీస్తు, మరియమ్మ, యోహాను ఉన్న మొజాయిక్ ఉంది. కింది సగం రాలిపోయింది. మిగిలిన ముఖాలు చాలు. అక్కడే చలువరాతి పిట్టగోడ మీద వైకింగ్ లిపిలో గీతలున్నాయి. చక్రవర్తి కొలువులో కాపలా ఉన్న ఉత్తరాది సైనికుడెవరో ప్రార్థన జరుగుతుంటే విసుగొచ్చి పేరు చెక్కుకున్నాడట. హాల్ఫ్‌డాన్ అన్న పేరు వరకే చదవగలిగారు. గోల్కొండ గోడల మీద పేర్లు చెక్కేవాళ్లను అమ్మ ఎన్నిసార్లు తిట్టిందో! ఇక్కడ మాత్రం గాజు పలక మీదికి వంగి, "వీడిది మ్యూజియంలో పడిందే" అంది.

తొమ్మిది వందల ఏళ్లకు పైగా చర్చి, తర్వాత దాదాపు అయిదు వందల ఏళ్లు మసీదు, 1935 నుంచి మ్యూజియం, 2020 నుంచి మళ్లీ మసీదు. కింద నమాజు జరుగుతుంటే పైన మేము చున్నీలు కప్పుకుని నిలబడ్డాం. 1453 మే 29న ఇరవై ఒక్క ఏళ్ల సుల్తాను రెండో మెహ్మెద్ ఇక్కడికే వచ్చాడు. "ఆ రోజు మంగళవారం" అంది అమ్మ. గ్రీకులు ఇప్పటికీ మంగళవారం మంచిది కాదంటారని నేను చెబితే, "మనమూ అంటాం, మనకేం పోయిందని?" అంది.

బ్లూ మాస్క్ ఎదురుగానే. 1609, 1616 మధ్య కట్టారు, ఆరు మినార్లు, ఉచితం. బాగుంది. ఆయా సోఫియా చూసిన కళ్లతో కాకుండా వేరే రోజు చూస్తే ఇంకా బాగుండేది. నడుం వాల్చి వచ్చాక సాయంత్రం సిస్టర్న్‌లోకి దిగాం. నేల కింద 336 స్తంభాల నీటి తొట్టి, ఇదీ జస్టీనియన్ కట్టించిందే. పదహారో శతాబ్దంలో ఒక ఫ్రెంచి పండితుడు ఇక్కడ తిరుగుతూ, జనం ఇళ్లలో నేలకు చేసిన కన్నాల్లోంచి బక్కెట్లతో నీళ్లు తోడుకోవడం, చేపలు కూడా పట్టుకోవడం చూసి దీన్ని కనుక్కున్నాడు. చివర్న రెండు స్తంభాల కింద మెడూసా తలలు, ఒకటి పక్కకు, ఒకటి తలకిందులుగా. పాత కట్టడాల రాళ్లు తెచ్చి పీటలుగా వాడేశారు.

ఆ రాత్రి హోటల్ కౌంటర్‌లో కుర్రాడికి నా షీటు చూపించాను. సోమవారం డోల్మాబాచె, మంగళవారం టోప్‌కాపీ. అతను నవ్వాపుకుని రెండిటికీ బాణం గుర్తులు గీశాడు. సోమవారం డోల్మాబాచెకు సెలవు, మంగళవారం టోప్‌కాపీకి సెలవు. నలభై మూడు చోట్లలో ఈ రెండిటినీ సరిగ్గా తలుపులేసే రోజులకే పెట్టుకున్నాను. గ్రాండ్ బజార్‌కు ఆదివారం సెలవని కూడా అతనే చెప్పాడు.

మూడో రోజు, సోమవారం

టోప్‌కాపీ రాజభవనం. కొత్త ఊరిని గెలిచిన మెహ్మెదే కట్టించాడు. దాదాపు నాలుగు వందల ఏళ్లు సుల్తానులు ఇక్కడే ఉన్నారు. ఆకాశాన్నంటే భవనం అనుకుంటే నిరాశ తప్పదు. నాలుగు పెద్ద వాకిళ్లు, చెట్లు, విడివిడిగా మండపాలు. దండు విడిదిని రాతితో కట్టినట్టుంటుంది.

అమ్మ ఖజానా గదిలోనే గంట గడిపింది. 86 క్యారెట్ల 'చెంచాల' వజ్రం ఉందక్కడ. చెత్తలో దొరికిన రాయిని ఒక పేదవాడు మూడు చెంచాలకు అమ్ముకున్నాడని కథ. నన్ను ఆపింది మాత్రం దాని పక్కనే ఉన్న బాకు. పిడి మీద కోడిగుడ్డు వాటంలో మూడు పచ్చలు, కొసన చిన్న గడియారం. 1747లో సుల్తాను దీన్ని పర్షియా నాదిర్ షాకు కానుకగా పంపాడు. దూతలు దారిలో ఉండగానే నాదిర్ షా హత్యకు గురయ్యాడని తెలిసి, కానుకతో సహా వెనక్కి వచ్చేశారు. ఆ నాదిర్ షానే 1739లో ఢిల్లీని దోచి కోహినూరును పట్టుకుపోయినవాడు. ఆ రాయి మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకుంటారు.

"కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. కోహినూరు లండన్‌లో ఉంది. ఈయన కానుక ఈయన దగ్గరే ఉంది" అని అమ్మ లెక్క తేల్చింది.

అంతఃపురం బాగుంది, కానీ జనం. ఊపిరాడలేదు. బయటపడి గుల్హానె పార్కులో ట్యులిప్ మడుల పక్కన బెంచీ మీద కూర్చున్నాం. ఏప్రిల్‌లో ఊరంతా ఇవే. ట్యులిప్ అంటే మనకు హాలండ్ గుర్తొస్తుంది గానీ, ఆ దుంపలు హాలండుకు చేరింది ఇక్కడి నుంచే. ఒక పిల్లి వచ్చి అడక్కుండా అమ్మ ఒళ్లో ఎక్కింది. ఈ ఊళ్లో పిల్లులు వీధివి కావు, వీధే వాటిది. దుకాణాల ముందు గిన్నెల్లో తిండి, నీళ్లు పెట్టి ఉంటాయి. కుర్చీలో పిల్లి పడుకుంటే కూర్చోబోయే మనిషే ఇంకో కుర్చీ వెతుక్కుంటాడు.

నాలుగో రోజు, మంగళవారం

ఈ రోజు అమ్మకూ నాకూ గొడవైంది. మంచి గొడవే.

పొద్దున సులేమానియె మసీదుకు వెళ్లాం. వాస్తుశిల్పి సినాన్ 1550లో మొదలుపెట్టి ఏడేళ్లలో కట్టాడు. ఆయా సోఫియా కంటే నాకు ఇదే నచ్చింది. టిక్కెట్టు లేదు, తోపులాట లేదు, వెలుతురు మెత్తగా ఉంది. నూనె దీపాల మసి గోడలకు పట్టకుండా గాలి దాన్ని ఒక గదిలోకి లాక్కెళ్లేలా సినాన్ ఏర్పాటు చేశాడట. పోగైన మసితో సిరా చేసేవాళ్లు. ఆయన సమాధి కూడా అక్కడే వీధి మలుపులో ఉంది, చాలా చిన్నది. ఎదురుగా వరసగా చిక్కుడు గింజల కూర కొట్లు. తెల్ల గింజలు, టమాటా, వెన్న, పక్కన అన్నం. శాకాహారమేనా అని అడిగి మరీ తిన్నాం. మొదటి కొట్టులో మాంసం వేస్తామన్నారు, రెండోదాంట్లో వెయ్యమన్నారు. అయ్రాన్ తాగి అమ్మ, "మజ్జిగే! ఉప్పేసిన మజ్జిగ!" అని చంటిపిల్లలా మురిసిపోయింది. యోగర్ట్ అన్న మాటే టర్కీ భాషది కాబట్టి ఆశ్చర్యం లేదు.

అక్కడి నుంచి దిగి మసాలా బజార్‌కు వచ్చాం. స్థానికులు దాన్ని 'మిసర్ చార్షిసి' అంటారు, అంటే ఈజిప్టు బజారు. 1660ల నాటిది, ఈజిప్టు నుంచి వచ్చే రాబడితో కట్టారు కాబట్టి ఆ పేరు. గుట్టలు పోసిన మిరియాలు, జీలకర్ర, దాల్చినచెక్క. అమ్మ మిరియాలు చేతిలోకి తీసుకుని, "మార్గం మూసేశారు కదా, మరి ఇవెలా వచ్చేవి?" అంది సరదాగా.

నేను ఈ మధ్య చదివింది చెప్పాను. మార్గం మూసుకుపోలేదు. 1453 తర్వాత కూడా వెనిస్, జెనోవా వర్తకులు సుల్తానుకు సుంకాలు కట్టి వ్యాపారం సాగించారు. మన మిరియాల్లో ఎక్కువ భాగం ఎర్రసముద్రం మీదుగా కైరో, అలెగ్జాండ్రియా చేరేవి. ఆ దారి 1453లో అటోమన్ల చేతిలో లేనే లేదు, ఈజిప్టు వాళ్లకు దక్కింది 1517లో. అప్పటికి గామా కాలికట్ వచ్చి వెళ్లి పంతొమ్మిదేళ్లు. పైగా పోర్చుగీసువాళ్లు ఆఫ్రికా తీరం వెంట దిగడం 1453కు ముందే మొదలైంది. వాళ్లు సియుటాను పట్టుకున్నది 1415లో.

అమ్మ మిరియాలు గుట్టలో తిరిగి పోసేసింది. "అయితే ముప్ఫై ఏళ్లు తప్పు చెప్పానంటావా?"

"నువ్వు కాదమ్మా, పుస్తకంలోనే అలా ఉంది."

"పుస్తకం పిల్లల ముందు నిలబడి చెబుతుందా? నేను చెప్పాను."

గలాటా వంతెన దాకా మాట్లాడలేదు. వంతెన మీద వరసగా గాలాలేసుకుని నిలబడ్డవాళ్లను చూస్తూ చాలాసేపు ఉంది. ఆ తర్వాత చిన్నగా అడిగింది, 1415లో పట్టుకున్న ఊరి పేరు ఏమన్నావని. స్పెల్లింగు అడిగి, హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుంది. ఎవరికి చెబుతుందో, ఇప్పుడు క్లాసు లేదు కదా.

గ్రాండ్ బజార్‌కు ఆ సాయంత్రం వెళ్లాం గానీ, నాలుగు వేల దుకాణాలంటే ఉన్నది ఉన్నట్టు బేగంబజార్, కాకపోతే పైకప్పు అందంగా ఉంటుంది. అరగంటలో బయటపడ్డాం. రాత్రి 'ఇమామ్ బయిల్డి' తిన్నాం. ఆ మాటకు ఇమాం మూర్ఛపోయాడని అర్థం. రుచికి పోయాడని కొందరు, పోసిన ఆలివ్ నూనె ఖర్చు విని పోయాడని కొందరు. వంకాయ చీల్చి ఉల్లి, టమాటా కూరి వండుతారు. కారం లేని గుత్తివంకాయ. అమ్మ బ్యాగులోంచి కందిపొడి తీసింది. ఇమాం ఉంటే మళ్లీ లేచేవాడు.

అయిదో రోజు, బుధవారం

డోల్మాబాచె. ట్రామ్ చివరి స్టాపు కబతష్‌లో దిగి అయిదు నిమిషాలు నడిస్తే చాలు.

పంతొమ్మిదో శతాబ్దం నడిమికి సుల్తానులకు టోప్‌కాపీ పాతబడిందనిపించింది. 1843లో మొదలై 1856లో పూర్తయింది ఈ భవనం. 285 గదులు, 46 హాళ్లు. దర్బారు హాలులో నాలుగున్నర టన్నుల షాండిలియర్. విక్టోరియా రాణి కానుక అని చాలాకాలం చెప్పుకున్నారు, డబ్బులు కట్టి కొన్నట్టు రసీదు తర్వాత దొరికింది. ఖర్చు ఖజానాను పీల్చేసింది. లోపల ఫోటోలు తీయనివ్వరు. టర్కీ రిపబ్లిక్‌ను స్థాపించిన అతాతుర్క్ 1938 నవంబరు 10న ఉదయం 9 గంటల 5 నిమిషాలకు కన్నుమూసిన గది ఉంది, మంచం మీద జెండా పరిచి ఉంటుంది. అక్కడ టర్కీవాళ్లంతా గొంతు తగ్గించారు.

నేను వచ్చింది ఇంకొకరి కోసం. 1922లో సుల్తాను పదవి రద్దయ్యాక, రెండో అబ్దుల్‌మెజిద్ ఖలీఫాగా, అంటే ముస్లింల మతపెద్దగా, మాత్రం ఈ భవనంలో ఉన్నాడు. బొమ్మలు వేసేవాడు, సంగీతం తెలిసినవాడు. ఆయన గ్రంథాలయం గది ఇప్పటికీ ఉంది, పుస్తకాలు అరల్లో అలాగే ఉన్నాయి. 1924 మార్చి 3న అంకారాలో ఖలీఫా పదవినీ రద్దు చేశారు. ఆ రాత్రే కుటుంబాన్ని లేపి కార్లెక్కించారు. సిర్కెజి స్టేషన్‌లో జనం పోగవుతారేమోనని ఊరికి దూరంగా చటాల్జా స్టేషన్‌కు తీసుకెళ్లి రైలెక్కించారు. ఆయన కూతురు దురుషెహ్వార్‌కు అప్పుడు పదేళ్లు.

వాళ్లు ఫ్రాన్స్‌లో నీస్ చేరారు. ఆదుకున్నవాళ్లలో హైదరాబాదు ఏడో నిజాం ఒకరు, నెలనెలా భత్యం పంపాడు. 1931 నవంబరులో నీస్‌లోనే నిజాం పెద్ద కొడుకు ఆజం జాతో దురుషెహ్వార్‌కు, రెండో కొడుకు మొఅజ్జం జాతో నిలోఫర్‌కు పెళ్లిళ్లు జరిగాయి. నిలోఫర్ ఈ వంశంలోని అమ్మాయే, 1916లో ఇస్తాంబుల్ గొజ్‌తెపెలో పుట్టింది. పిల్లలు కలగలేదు. తన దగ్గర పనిచేసే రఫత్ అనే అమ్మాయి కాన్పులో చనిపోతే, ఇంకెవరికీ అలా జరగకూడదని పట్టుబట్టిందట. రెడ్‌హిల్స్ ఆసుపత్రి అలా వచ్చింది. పురానీ హవేలీలో ఉన్నది తోడికోడలు దురుషెహ్వార్ పేరు మీది ఆసుపత్రి.

గ్రంథాలయం గది ముందు ఇదంతా అమ్మకు చెప్పాను. అమ్మకు నిలోఫర్ అంటే వార్డు గుర్తొచ్చింది. "నువ్వు పుట్టినప్పుడు వాన. మీ నాన్న ఆటో దొరక్క లక్డీకాపూల్ నుంచి నడిచొచ్చాడు, ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి." ఆ మాట నాకు ఇంతవరకూ చెప్పలేదు. నాన్న పోయి తొమ్మిదేళ్లు.

బయట కూడా వానే. ట్రామ్ దాకా తడవలేక టాక్సీ ఎక్కాం, అదే తప్పు. రెండు వందల లీరాల నోటిస్తే, డ్రైవరు చేతివాటంతో ఇరవై నోటు తిప్పి చూపించి ఇంతే ఇచ్చావన్నాడు. వాదించే ఓపిక లేక ఇంకోటి ఇచ్చాను. ఇచ్చేటప్పుడే నోటు విలువ పైకి చదివి ఇవ్వాలని ఆ తర్వాత తెలిసొచ్చింది.

ఆరో రోజు, గురువారం

బాస్ఫరస్ మీద పొడుగు ఫెర్రీ. ఎమినోనులో పదిన్నర ప్రాంతంలో ఎక్కితే నల్లసముద్రం ముఖద్వారం దగ్గరి అనదొలు కవాక్ పల్లె దాకా వెళ్లి, రెండు మూడు గంటలు ఆగి, తిరిగొస్తుంది. ప్రైవేటు బోట్లవాళ్లు రేవులో చేయి పట్టుకుని లాగుతారు. పట్టించుకోకుండా మామూలు ఫెర్రీయే ఎక్కండి.

ఎడమవైపు యూరప్, కుడివైపు ఆసియా. రెండు ఒడ్లనూ ఆనుకుని చెక్క మేడలు, మెట్టు దిగితే నీళ్లే. మధ్యలోంచి కొండంత ఆయిల్ ట్యాంకర్లు పోతుంటాయి. ఈ జలసంధిలో సరుకు ఓడలకు అడ్డు ఉండకూడదని 1936లో మాంట్రోలో రాసుకున్న ఒప్పందం ఇప్పటికీ నడుస్తోంది. నీరు బాగా ఇరుకైన చోట, సుమారు ఏడు వందల మీటర్లు, రుమెలి హిసార్ కోట. ముట్టడికి ముందటేడు, 1452లో, మెహ్మెద్ దీన్ని నాలుగు నెలల్లో కట్టించి ఫిరంగులు పెట్టాడు. అమ్మ లేచి నిలబడి చూసింది. "ఇదిగో, ఇది మూసేశాడు. నల్లసముద్రం దారి మూసేశాడు కదా? అయితే సగమైనా కరెక్టే." నేను ఒప్పుకున్నాను. సగం నిజంగానే కరెక్టు.

కవాక్‌లో దిగితే అన్నీ చేపల హోటళ్లే. అమ్మ డబ్బా మూత తీసింది. పొద్దున అయిదింటికి లేచి గదిలో కుక్కరు పెట్టి, అక్కడి గడ్డపెరుగుతో కలిపిన పెరుగన్నం, ఆవకాయ ముక్క. కొండ మీది పాత కోట దాకా నేనొక్కదాన్నే ఎక్కి, నల్లసముద్రం వైపు చూసొచ్చాను. దిగేసరికి అమ్మ డబ్బా మూతలో పెరుగన్నం పెట్టి రెండు పిల్లులకు తినిపిస్తోంది. ఆవకాయ లేకుండా.

ఏడో రోజు, శుక్రవారం

షీటులో ఇంకా ముప్ఫై దాకా మిగిలాయి. గలాటా టవర్ ఎక్కలేదు, ప్రిన్సెస్ దీవులకు పోలేదు. రాత్రి విమానం. పొద్దున ఒక్కటే పెట్టుకున్నాం: గొజ్‌తెపె.

సిర్కెజిలోనే మర్మరాయ్ రైలెక్కితే సముద్రం అడుగున సొరంగంలోంచి ఆసియాకు తీసుకెళుతుంది. 2013లో తెరిచారు. తవ్వకాల్లో యెనికాపి దగ్గర పాతకాలపు రేవు, ముప్ఫై ఏడు ఓడల అవశేషాలు బయటపడి పని ఏళ్ల తరబడి ఆలస్యమైంది. మేం మాత్రం నాలుగు నిమిషాల్లో ఉస్కుదార్‌లో తేలి, ఇంకాసేపటికి గొజ్‌తెపెలో దిగాం.

ఏముంది అక్కడ? అపార్టుమెంట్లు, మందుల షాపులు, స్కూలు పిల్లలు. నిలోఫర్ పుట్టిన ఇల్లు ఇదీ అని చూపించే బోర్డేదీ నాకు కనబడలేదు. ఒక మందుల షాపు ఆవిడను అడిగాను. 'నిలుఫెర్' అంటే కలువపువ్వు అని చెప్పి, పార్కులో కలువలు ఉండవు, ట్యులిప్‌లే ఉంటాయని దారి చూపించింది. పార్కుకే వెళ్లాం. ఎర్రవి, పసుపువి, నల్లగా కనిపించే ఊదావి. బెంచీ పక్కన చాయ్ బండి. రెండు గ్లాసులు తెచ్చాను. అమ్మ నాకు ఫోనిచ్చి పూల ముందు ఫోటో తీయించుకుని, చుట్టాల గ్రూపులో పెట్టింది. కింద తనే టైపు చేసింది: "నిలోఫర్ దగ్గర ఉన్నాం. అంతా క్షేమం."

చాయ్ సగం కాకముందే ఫోను మోగింది. ఖమ్మం నుంచి పిన్ని. "అక్కా, ఇస్తాంబుల్ నుంచి ఎప్పుడొచ్చారు? నిలోఫర్‌లో ఎవర్ని చేర్చారు? ఏ వార్డు?"